సిలిండర్‌లో నాలుగు కిలోలు ఉండగానే మంట కుంగిపోతోంది, ఎందుకు?

అరకు దోసె:
అరకులో రోడ్డు పక్కన చిన్న టిఫిన్ హోటల్ నాది. 19 కిలోల కమర్షియల్ సిలిండర్, దోసె పెనం కింద పెద్ద బర్నర్. ఎండాకాలం ఏ ఇబ్బందీ లేదు. డిసెంబర్ వచ్చిందంటే పొద్దున్నే, గిరాకీ మొదలయ్యే టైముకి మంట కుంగిపోతుంది. కాటా మీద పెడితే ఖాళీ బరువు పోను ఇంకా నాలుగు కిలోలు చూపిస్తోంది. గ్యాస్ తెచ్చే కుర్రాడు "అడుగున మడ్డి సార్, అది రాదు" అంటున్నాడు. డబ్బులిచ్చి మడ్డి కొంటున్నామా? చలికి గోనెపట్టా తడిపి చుట్టాను, ఇంకా అధ్వాన్నమైంది.

చిన్న రిపేర్లు:
రెగ్యులేటర్ వాషర్ మార్చి చూడండి.

పాత ప్లాంటోడు:
వాషర్ కాదండీ. గ్యాస్ నింపే ప్లాంటులో చాలా కాలం చేశాను, చలికాలం వచ్చిందంటే ఇదే గొడవ. ఆ మడ్డి పేరు బ్యూటేన్. అదీ మండేదే, కాకపోతే చలికి బద్ధకం.

మన గ్యాస్‌లో ముఖ్యంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే మరుగుతుంది, బ్యూటేన్ సుమారు సున్నా దగ్గర. 25 డిగ్రీల్లో ప్రొపేన్ ఆవిరి పీడనం దాదాపు 9.5 బార్ (ఒక బార్ అంటే సుమారు మన చుట్టూ ఉన్న గాలి పీడనం), బ్యూటేన్‌ది 2.4. లెక్క కోసం ద్రవంలో అణువులు సగం సగం అనుకుందాం. ద్రవంలో ఏది ఎంత వంతు ఉంటే దాని పీడనంలో అంత వంతే పైకి వస్తుందనేది రౌల్ట్ సూత్రం; ఆ ప్రకారం మొత్తం పీడనం దాదాపు 6 బార్, అందులో 4.75 ప్రొపేన్‌దే. అంటే పైన ఆవిరిలో ఐదింట నాలుగు వంతులు ప్రొపేన్. మీరు వాడేది పైనున్న ఆవిరి కాబట్టి ముందు అదే ఖర్చవుతుంది, అడుగున బ్యూటేన్ పోగవుతుంది.

రెండో దెబ్బ చలి. కిలో గ్యాస్ ఆవిరవ్వడానికి సుమారు 370 కిలోజౌళ్ల వేడి కావాలి. అది బర్నర్ నుంచి రాదు, సిలిండర్ ఒంట్లోంచీ చుట్టూ గాలిలోంచీ రావాలి. బయటి వేడి అసలు అందదనుకుంటే, నిండు సిలిండర్‌లోంచి కిలో తీస్తే ద్రవం ఏడు డిగ్రీలు చల్లబడుతుంది. నాలుగు కిలోలే ఉన్నప్పుడు తీస్తే ఇరవై! పైగా ద్రవం తగ్గేకొద్దీ బయటి వేడి అందుకునే గోడ కూడా తగ్గుతుంది. సిలిండర్‌కి చెమట పట్టిన గీత ఉంటుంది చూడండి, ద్రవం అంతవరకే ఉందని గుర్తు. మీ పొద్దుటి చలిలో అది సున్నాకి దిగితే బ్యూటేన్ పీడనం బయటి గాలితో సమానం. ఇక గ్యాస్‌ని తోసేదేముంది?

గోనె వెంటనే తీసేయండి. తడి ఆరుతూ ఇంకా చల్లబరుస్తుంది. పొడి దుప్పటి కప్పినా నష్టమే, మనిషిలా దానికి ఒంట్లో వేడి పుట్టదు, బయటి నుంచి రావాల్సిందే కదా!

ఇంజనీరింగ్ తమ్ముడు:
సార్, ఉష్ణోగ్రత మారకపోతే ద్రవం ఎంత మిగిలినా ఆవిరి పీడనం ఒకటే అని చదివామే?

పాత ప్లాంటోడు:
ఒకే పదార్థమైతే నిజమే తమ్ముడూ. గిబ్స్ ఫేజ్ రూల్ వేసి చూడు: ఒక పదార్థం, రెండు ఫేజ్‌లు (ద్రవం, ఆవిరి), స్వేచ్ఛ ఒకటే, అంటే మనం విడిగా చెప్పాల్సింది ఒక్కటే. ఉష్ణోగ్రత చెప్పగానే పీడనం ఖాయం. రెండు పదార్థాలైతే స్వేచ్ఛ రెండు, ఉష్ణోగ్రతతో పాటు ద్రవంలో ఏది ఎంతుందో కూడా చెప్పాలి. ఇక్కడ అదే మారిపోతోంది.

వంటిల్లు:
మరి మా ఇంట్లో 14.2 కిలోల సిలిండర్ చివరిదాకా బాగానే వస్తుందేం?

పాత ప్లాంటోడు:
ఇంటి బర్నర్ తాగేది తక్కువమ్మా. ఆ మాత్రం వేడి గది గాలి నుంచి అందుతుంది. పైగా ఇంటి రెగ్యులేటర్ ఇచ్చేది 30 మిల్లీబార్లే, లోపల పీడనం బాగా పడిపోయినా సరిపోతుంది. హోటల్ బర్నర్‌కి ఎక్కువ కావాలి.

అరకు దోసె:
గోనె తీసేశాను అన్నయ్యా. మరి ఆ నాలుగు కిలోలు? పడుకోబెడితే వస్తుందని ఒకాయన అంటున్నాడు.

పాత ప్లాంటోడు:
ఆ పని మాత్రం చెయ్యొద్దు. పడుకోబెడితే ద్రవమే రెగ్యులేటర్‌లోకి వస్తుంది, ఆవిరైతే రెండొందల రెట్లకు పైగా ఉబ్బుతుంది. మరిగే నీళ్లు పోయడం, పొయ్యి పక్కకి జరపడం కూడా వద్దు. పొద్దుటి దోసెలకి నిండు సిలిండర్ పెట్టండి, అడుగుది మధ్యాహ్నం టీకీ సాంబారుకీ వాడండి. గిరాకీ పెరిగితే రెండు సిలిండర్లకి మానిఫోల్డ్ (రెంటినీ కలిపి ఒకేసారి గ్యాస్ తీసే పైపు అమరిక) వేయించండి, ఒక్కోదాని మీద భారం సగమవుతుంది. అది ఏజెన్సీ మెకానిక్ చేతే. గుంటలో మాత్రం పెట్టకండి, లీకైతే ఈ గ్యాస్ నేలబారునే నిలిచిపోతుంది.