పాత సిస్టమ్‌కి ఎస్ఎస్‌డీ: క్లోన్ చేయాలా, విండోస్ కొత్తగా వేయించాలా?

తెనాలి డీటీపీ

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే డీటీపీ చేస్తాను. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, స్కూలు ప్రశ్నపత్రాలు ఎక్కువ. సిస్టమ్ 2014లో కట్టించింది: ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. అప్పట్లో విండోస్ 7 ఉండేది. 2016లో ఉచితంగా ఇస్తున్నారంటే 10కి మార్చుకున్నాం.

ఇప్పుడు పొద్దున స్విచ్ వేసి, పాలు కాచి, వాకిలి ఊడ్చి వచ్చినా ఇంకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. నిన్న ఫోన్‌లో టైమ్ పెట్టి చూశాను. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెరుచుకుని మొదటి అక్షరం కొట్టేసరికి 7 నిమిషాలు. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100% దగ్గరే నిలబడి ఉంటోంది.

హార్డ్ డిస్క్ బదులు పెట్టే వేగమైన డిస్క్, 500 జీబీ సాటా ఎస్ఎస్‌డీ కొన్నాను. షాపులో అబ్బాయి "సీపీయూ తెచ్చివ్వండి మేడమ్, కొత్త విండోస్ వేసి సాయంత్రానికి ఇచ్చేస్తా" అన్నాడు. నా భయమంతా పేజ్‌మేకర్ 7, అందులో తెలుగు కొట్టే అను ఫాంట్ల గురించే. సీడీ ఎక్కడుందో తెలియదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అడిగే కీ రాసుకున్న డైరీ ఇల్లు మారినప్పుడు పోయింది. పదేళ్ల ఫైళ్లన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. మా అన్నయ్య క్లోన్, అంటే పాత డిస్క్‌లో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టు కొత్తదాని మీదికి కాపీ, చేయించమంటాడు. క్లోన్ చేస్తే పాత చెత్తంతా వెంట వస్తుంది, స్లో అలాగే ఉంటుందని షాపులో అంటున్నారు. ఎవరి మాట వినాలి?

సికింద్రాబాద్ బెంచ్

మేడమ్, పన్నెండేళ్లుగా సర్వీసు బెంచ్ మీద కూర్చుంటున్నాను. నా ఓటు కొత్త విండోస్‌కే.

మీది 7 మీద 10 ఎక్కించిన సిస్టమ్. పదేళ్లలో ఎన్ని ప్రింటర్లు మార్చారో అన్ని ప్రింటర్ల డ్రైవర్లూ లోపలే ఉంటాయి. గడువు దాటిన యాంటీవైరస్ ముక్కలు, స్విచ్ వేయగానే లేచే ప్రోగ్రాములు, పెన్ డ్రైవ్‌లతో వచ్చిన వైరస్ ఏదైనా ఉంటే అదీ. క్లోన్ అంటే వీటన్నిటినీ తు.చ. తప్పకుండా కొత్త డిస్క్ మీదికి దించడమే. విండోస్ లైసెన్సు గురించి బెంగ వద్దు. మీ 10 డిజిటల్ లైసెన్సు బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్‌తో కాదు. ఇన్‌స్టాల్ చేసి నెట్ పెడితే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

గుంటూరు అకౌంట్స్

అక్కా, దయచేసి తొందరపడి ఫార్మాట్ కొట్టించకండి. మూడేళ్ల కింద నేను పడ్డ బాధ ఇది.

ఇంట్లో ట్యాలీ మీద నలుగురు వ్యాపారుల లెక్కలు రాస్తాను. ఇక్కడొక షాపులో కొత్త విండోస్ వేయించాను. "డి డ్రైవ్ ముట్టుకోం, మీ డేటా భద్రం" అన్నారు. నిజంగానే ముట్టుకోలేదు. కానీ డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఫోల్డర్లు, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ అన్నీ సి డ్రైవ్‌లోనే ఉంటాయని నాకు తెలియదు, వాళ్లు అడగలేదు. రెండు నెలల బిల్లుల స్కాన్లు పోయాయి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్ వెతుక్కోవడం, ప్రింటర్ మళ్లీ పెట్టుకోవడం, ఇన్వాయిస్ కొలతలు మళ్లీ సరిచేయడం, వీటితో మూడు రోజులు గడిచాయి. ఆ మూడు రోజుల్లోనే జీఎస్టీ రిటర్న్ గడువు కూడా వచ్చింది. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

నిరుడు మా బావగారి సిస్టమ్‌కి క్లోన్ చేశాం. గంటన్నర పట్టింది. కుర్చీలో కూర్చున్న మనిషికి ఏమీ మారినట్టే అనిపించలేదు, అన్నీ టక్కున తెరుచుకోవడం తప్ప.

సికింద్రాబాద్ బెంచ్

అన్నా, మీకు జరిగింది చాలా బాధాకరం. కానీ అది కొత్త విండోస్ వల్ల జరగలేదు, కాపీ తీయకపోవడం వల్ల జరిగింది. మీరు అదే డిస్క్ మీద ఫార్మాట్ కొట్టించారు. మేడమ్ దగ్గర కొత్త డిస్క్ ఉంది. పాతది ఊడదీసి పక్కన పెడితే దాని మీద ఒక్క అక్షరం కూడా చెరగదు. ఏ ఫైలు కావాలన్నా తర్వాత తగిలించి తీసుకోవచ్చు.

ఊడదీయడం అని ఊరికే అనడం లేదు. రెండు డిస్క్‌లూ తగిలించి ఉండగా విండోస్ వేస్తే ఒక్కోసారి బూట్ ఫైళ్లు పాత డిస్క్ మీదే కూర్చుంటాయి. విండోస్ కొత్తదాని మీద, దాన్ని లేపే ముక్క పాతదాని మీద. అంతా బాగుందనుకుని ఆరు నెలల తర్వాత పాత డిస్క్ తీసేస్తారు, ఇక సిస్టమ్ లేవదు. నా బెంచ్ మీదికి ఇలాంటివి చాలా వచ్చాయి. మీరు ఏ దారిన వెళ్లినా మొదటిసారి బూట్ చేసేటప్పుడు కేబినెట్‌లో ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉండాలి.

విశాఖ విద్యార్థి

"చెత్త వస్తుంది కాబట్టి స్లో అలాగే ఉంటుంది" అన్న మాటతో మాత్రం ఒప్పుకోలేను.

నిమిషానికి 7200 చుట్లు తిరిగే (7200 ఆర్‌పీఎం) డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 4 పైన. దానికి తల పక్కకు జరిగే సమయం కలిపితే ఒక్కో చిన్న ముక్క చదవడానికి 12, 13 మిల్లీసెకన్లు. అంటే సెకనుకు 80 ముక్కలు. విండోస్ లేచేటప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి ఉన్న వేలకొద్దీ చిన్న ఫైళ్లు చదువుతుంది. మేడమ్‌గారి డిస్క్ 100% చూపిస్తున్నది అందుకే, తల అటూ ఇటూ పరుగెత్తుతూనే ఉంది. ఎస్ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. చవకరకం కూడా సెకనుకు వేలల్లో చదువుతుంది. పాత చెత్త ఉన్నా ఆ తేడా ముందు అది లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి. హెచ్81 బోర్డులో డిస్క్ కేబుల్ గుచ్చే సాటా పోర్టులు నాలుగుంటాయి, వాటిలో రెండే వేగమైన 6 గిగాబిట్‌వి. బోర్డు మీద రాసి ఉంటుంది, చూసి అందులో పెట్టండి.

డాలస్ నుంచి

నేను వేరేలా ఆలోచిస్తున్నాను. విండోస్ 10కి మద్దతు 14 అక్టోబర్ 2025తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. మీది 4వ తరం. ఈ బోర్డుకి ఇంకా వేగమైన ఎన్‌విఎంఈ ఎస్ఎస్‌డీ పెట్టే స్లాట్ కూడా ఉండదు. పదేళ్లు దాటిన సిస్టమ్ మీద ఖర్చు పెట్టే బదులు ఆ డబ్బు కొత్తదానికి దాచుకోవడం మేలు కదా?

గుంటూరు అకౌంట్స్

అన్నా, డాలస్‌లో మీకు అలా అనిపించడం సహజం. ఇక్కడ ఒక ఇంట్లో సంపాదన ఆ సిస్టమ్ మీదే నడుస్తోంది. కొత్తది కొనాలంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ కొనాలి. ఎస్ఎస్‌డీ వృథా పోదు, రేపు కొత్త సిస్టమ్ కట్టించినా అందులో తగిలించుకోవచ్చు. విండోస్ 10కి నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 13 అక్టోబర్ 2026 దాకా వస్తాయి. పైగా పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అది నడవడానికి ఐ5 సరిపోదా?

ఒంగోలు డేటా

అందరూ క్లోనా, కొత్తదా అని వాదించుకుంటున్నారు. ముందు చూడాల్సింది పాత డిస్క్ ఆరోగ్యం. 11 ఏళ్లు దాటిన డిస్క్ అది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసి చూడండి. నీలం రంగులో 'గుడ్' అని ఉందా, పసుపు రంగులో 'కాషన్' అని ఉందా? సి5 అన్న వరుసలో అంకె సున్నా కాకపోతే, డిస్క్ చదవలేక పెండింగ్‌లో పెట్టిన సెక్టార్లు, అంటే డేటా ఉండే చిన్న గళ్లు, అన్ని ఉన్నాయని అర్థం. అప్పుడు మొత్తం డిస్క్‌ని క్లోన్‌కి పెడితే మధ్యలో ఆగిపోవచ్చు. అంతకన్నా ప్రమాదం, గంటల తరబడి చదివించడం వల్ల చావుకి దగ్గరగా ఉన్న డిస్క్ పూర్తిగా పోవచ్చు.

తెనాలి డీటీపీ

చూశాను. పసుపు రంగే ఉంది. సి5 దగ్గర 10 అని ఉంది. చేతులు వణుకుతున్నాయండీ.

ఒంగోలు డేటా

కంగారు పడకండి. ఆ అంకె మామూలుగా హెక్సాలో, అంటే పదహారు అంకెల లెక్కలో, ఉంటుంది, కాబట్టి మన లెక్కలో 16. డిస్క్ ఇంకా తెరుచుకుంటోంది, అది అదృష్టం. ఈ రాత్రికి పేజ్‌మేకర్ పని ఆపేయండి. ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకటి అప్పు తెచ్చుకోండి. మళ్లీ దొరకనిది ఏదో అది ముందు కాపీ చేయండి: మీ పేజ్‌మేకర్ ఫైళ్లు, అను ఫాంట్ల ఫోల్డర్, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్. ఫొటోలు, సినిమాలు చివర్లో. ఏదైనా ఫైలు దగ్గర ఆగిపోతే దాన్ని వదిలేసి ముందుకు వెళ్లండి, దాని మీదే పట్టుపట్టి పదిసార్లు చదివించొద్దు. యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో కూడా చూసుకోండి, కాపీ మధ్యలో కరెంటు పోకూడదు.

సికింద్రాబాద్ బెంచ్

పసుపు రంగు అన్నాక నా వాదన ఇంకా బలపడింది. సెక్టార్లు పోయిన డిస్క్ నుంచి విండోస్‌ని క్లోన్ చేస్తే, చదవలేని చోట ఏ సిస్టమ్ ఫైలు ఉందో ఎవరికి తెలుసు? ఇప్పుడు లేస్తుంది, నెల తర్వాత విండోస్ ఆగిపోయి నీలం తెర వస్తుంది.

విశాఖ విద్యార్థి

అన్నా, ఆ భయం సరైనదే. కానీ మేడమ్‌కి సీడీ లేదు, కీ లేదు. కొత్త విండోస్ ఎంత శుభ్రంగా ఉన్నా, అందులో అను ఫాంట్ లేకపోతే పాత శుభలేఖ ఫైలు తెరిస్తే వధువు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఆమె పని ఏ తెలుగు ఫాంట్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లో లేదు కదా. ఇక్కడ నిజంగా పోగొట్టుకోకూడనిది, ఇప్పుడు పనిచేస్తున్న ఆ ఏర్పాటు. సిస్టమ్ ఫైళ్లలో దెబ్బతిన్నవి ఉంటే విండోస్‌లోనే సరిచేసే ఆదేశాలున్నాయి. పోయిన కీని ఏ ఆదేశమూ తిరిగి ఇవ్వలేదు.

ఒక జాగ్రత్త. కొన్ని పాత ప్రోగ్రాములు లైసెన్సుని డిస్క్‌కి కట్టేస్తాయి. పార్టిషన్ (సి, డి లాంటి డిస్క్ భాగం) సీరియల్ నంబరుని చూసేవైతే క్లోన్‌తో అది కూడా వచ్చేస్తుంది. డిస్క్ కంపెనీ వేసిన సీరియల్‌ని చూసేవైతే రాదు. తెరిచి చూస్తేగానీ తెలియదు, అందుకే పాత డిస్క్‌ని చెరపొద్దు.

తెనాలి డీటీపీ

నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

ఆ రాత్రి మా మరిది ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చాడు. ఒంగోలు అన్నయ్య చెప్పిన వరుసలోనే కాపీ పెట్టాం. డి డ్రైవ్‌లో 2017 నాటి క్యాలెండర్ ఫైళ్లు రెండు రాలేదు, మిగతావన్నీ వచ్చాయి. మర్నాడు ఎస్ఎస్‌డీ కంపెనీ వాళ్ల ప్రోగ్రామ్‌తోనే, డి జోలికి పోకుండా, విండోస్ తాలూకు చిన్న పార్టిషన్, సి డ్రైవ్ మాత్రం క్లోన్ చేశాం. సి లో ఒక్క చోటా ఆగలేదు. 50 నిమిషాలు పట్టింది.

తర్వాత సీపీయూ పక్కకి వాల్చి మూత తీశాం. ఫ్యాన్ రెక్కల మీద దుమ్ము బొంత పరిచినట్టుంది. పెయింట్ బ్రష్‌తో దులిపాం. ఎర్ర కేబుల్ చివర 'ఎల్' ఆకారంలో ఉంటుంది, ఒకవైపే దిగుతుందని మరిది చూపించాడు. ఎస్ఎస్‌డీకి బిగించే ఫ్రేమ్ లేదు. లోపల తిరిగేది ఏమీ లేదు కదా అని రెండువైపులా అంటుకునే టేపుతో కేబినెట్ గోడకి అతికించాం. బెంచ్ అన్నయ్య చెప్పినట్టు పాత డిస్క్ వైర్లు పూర్తిగా ఊడదీసి స్విచ్ వేశాం.

స్విచ్ వేసినప్పటి నుంచి పేజ్‌మేకర్‌లో 'శ్రీ' కొట్టేదాకా 40 సెకన్లు. ఫాంట్లు వచ్చాయి, ఏదీ కీ అడగలేదు. ఆ 'శ్రీ' చూసి కళ్లలో నీళ్లు తిరిగాయి. శ్రావణం ముహూర్తాలకి 11 ఆర్డర్లున్నాయి నాకు.

సికింద్రాబాద్ బెంచ్

చాలా సంతోషం మేడమ్. మీ విషయంలో క్లోన్ సరైన పనే, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక మాట. రేపు విండోస్ పూర్తిగా పాడైతే మీరు మళ్లీ మొదటి చోటే నిలబడతారు, ఆ కీ లేనంత కాలం. ఇప్పుడు బాగా నడుస్తున్న ఈ సి డ్రైవ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా, అంటే ఇమేజ్‌గా, తీసి ఎక్స్‌టర్నల్‌లో పెట్టండి. సీడీ కోసం మాత్రం వెతకడం ఆపొద్దు.

ఇంకోటి చూడండి. సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, స్టోరేజ్‌లో డిస్క్స్ దగ్గర పార్టిషన్ ఎక్కడ మొదలైందో బైట్లలో ఉంటుంది. పార్టిషన్ ఎస్ఎస్‌డీ గళ్లకి సరిగ్గా కూర్చోవాలంటే అది 4096తో శేషం లేకుండా భాగం పోవాలి. ఎక్స్‌పీ రోజుల డిస్క్‌లు 63వ సెక్టార్ దగ్గర మొదలయ్యేవి, వాటిని క్లోన్ చేస్తే ఎస్ఎస్‌డీకి ఒక పని రెండు పనులయ్యేది.

తెనాలి డీటీపీ

మొదటిది 10,48,576 అని ఉంది. 4096తో భాగిస్తే 256, శేషం లేదు. రెండోదానికీ మా పాప లెక్క చేసింది, శేషం లేదు.

ఇమేజ్ ఈ రాత్రికి తీస్తున్నాం. పాత డిస్క్‌కి కాగితం చుట్టి, తేదీ రాసి బీరువాలో పెట్టాను. అమ్మవాళ్లింట్లో అటక మీద మా పాత పుస్తకాల పెట్టె ఒకటి ఉందట, ఆదివారం వెళ్లి సీడీ కోసం అందులో వెతుకుతాను.