నిజాం ఖిల్లత్, తుర్కీ సుల్తాన్ నిషాన్ ఒకటేనా? పతకం మీద 1268 అంటే ఏంది?

దేవరకొండ_చరిత్ర:
మా దిక్కు నిషానీ అంటే వేలిముద్ర. ఉస్మానీ సుల్తాన్లు పతకాన్ని నిషాన్ అన్నరు. ఇది నిజాం ఇచ్చే ఖిల్లత్ (గౌరవంగ కప్పే అంగీ), బిరుదుల లాంటిదేనా? క్రైస్తవులకు గూడ ఎందుకిచ్చిన్రు? సుల్తాన్ అబ్దుల్ మజీద్ పెట్టిన మెజిదియె నిషాన్ ఫొటోలన్నిట్ల 1268 అనే ఉంటది. అన్నీ ఒకే ఏడు ఇచ్చినవా?

పాలమూరు_నాణేలు:
కాదన్నా. 1268 హిజ్రీ, అంటే 1851-52. అది నిషాన్ పెట్టిన ఏడు. నలభై ఏండ్ల తర్వాత చేసిన దాని మీద గూడ అదే ఉంటది. 1862ల వచ్చిన ఉస్మానియె నిషాన్ వెనుక హిజ్రీ 699 ఉంటది, అది ఉస్మానీ వంశం మొదలైన ఏడు. ఎవరికి, ఎప్పుడు ఇచ్చిన్రో బెరాత్ అనే సనదు చెప్తది. సనదు లేకుండ "క్రిమియా యుద్ధం నాటిది" అని అమ్మితే ఆ మాటకు ధర కట్టొద్దు.
మెజిదియె నడుమ సుల్తాన్ తుగ్రా (పేరుతోని అల్లిన సంతకపు ముద్ర), చుట్టూ ఎర్ర మీనా మీద హమియ్యత్, గైరత్, సదాఖత్ (అభిమానం, పట్టుదల, విశ్వాసం) అనే మాటలు. తుగ్రాకు పాత పేరు గూడ నిషానే. మీ వేలిముద్ర దానికి దూరపు చుట్టం!

గద్వాల_పాఠకుడు:
ఖిల్లత్ తుర్కీల గూడ ఉండె. కాకపోతే దర్బారుకు పోయి, అందరి ముందట కప్పించుకోవాలె. బిరుదైతే పేరునే మింగుతది: మీర్ తురాబ్ అలీ ఖాన్ అంటే ఎందరికి తెలుసు? సాలార్ జంగ్ అంటేనే తెలుస్తది. నిషాన్ పేరు జోలికి రాదు, లండన్‌కు గూడ పంపొచ్చు.
అసలు మలుపు బట్టల్ల ఉంది. ఒకప్పుడు తలపాగా చూస్తే హోదా తెలిసేది. 1829ల రెండో మహమూద్ ఉద్యోగులందరికీ ఫెజ్ టోపీ, కోటు పెట్టించిండు. అందరూ ఒక్కతీరు కనపడితే పెద్దెవరు, చిన్నెవరు? 1831ల నిషాన్-ఇ-ఇఫ్తిఖార్ వచ్చింది. గుర్తు తల మీది నుంచి ఛాతీకి దిగింది.
మెజిదియెకు అయిదు తరగతులు, ఒక్కో తరగతిల ఎంతమందికి ఇయ్యాలనే లెక్క కట్టుదిట్టం: 50, 150, 800, 3,000, 6,000. విదేశీయులు ఈ లెక్కల రారు, అందుకే క్రిమియాల రష్యా మీద కలిసి కొట్లాడిన ఇంగ్లీషు, ఫ్రెంచి వాళ్లకు ధారాళంగ పంచిన్రు. విక్టోరియా రాణి 1856ల సుల్తాన్‌కు గార్టర్ అనే ఇంగ్లీషు వాళ్ల పెద్ద గౌరవ పతకం ఇచ్చింది. బదులియ్యడానికి తన దగ్గర ఏం లేకుంటే సుల్తాన్ తక్కువోడైతడు. పతకం మీద మత వాక్యం లేదు గనుక అర్మేనియన్, గ్రీకు ఉద్యోగులూ పెట్టుకున్నరు.

పాలమూరు_నాణేలు:
రెండో అబ్దుల్ హమీద్ నాటికి పంపకం మితిమీరింది. 1900ల మొదలైన హిజాజ్ రైలుకు (డమాస్కస్ నుంచి మదీనా దిక్కు వేసిన లైను) చందా ఇచ్చినోళ్లకు, ఇచ్చిన లీరాలను (తుర్కీ పైసలు) బట్టి నికెల్, వెండి, బంగారు పతకాలు. అంటే రసీదే, కాకపోతే ఛాతీ మీద పెట్టుకునేది. 1934ల తుర్కీ రిపబ్లిక్ ఇసొంటి పాత నిషాన్లనూ, పాషా, బే లాంటి బిరుదులనూ ఒకే చట్టంతోని రద్దు చేసింది.

దేవరకొండ_చరిత్ర:
మరి మన ఉస్మానియా?

గద్వాల_పాఠకుడు:
అది మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు. దీనికి సంబంధం లేదు.