పోకర్ కోసం పాత సిస్టమ్ బాగుచేయించాలి, ఏం మార్చమంటారు?

కూర్మన్నపాలెం కాక
అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం. నాది 2014లో కొన్న సిస్టమ్. ఐ5 నాలుగో తరం, హెచ్81 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, పద్దెనిమిదిన్నర అంగుళాల మానిటర్. శనివారం రాత్రి మా బావమరుదులు, వాళ్ళ పిల్లలు, నేను కలిసి ఆన్‌లైన్‌లో పోకర్ ఆడుకుంటాం. ఉత్తుత్తి చిప్సే, రూపాయి లేదు, ముందే చెప్పేస్తున్నా. పక్కన సాధన కోసం ఇంకో మూడు ఉచిత టేబుళ్ళు, అంటే ఆట కిటికీలు, తెరుస్తాను. నాలుగూ తెరిస్తే ముక్కలు చీమల్లా కనపడతాయి, ఇస్పేటో కళావరో తెలీదు. పైగా మధ్యలో టేబుల్ బిగుసుకుపోతుంది. పోయిన వారం చేతిలో రెండు రాజులు పెట్టుకుని కూర్చుంటే, టైమ్ అయిపోయి దానంతటదే ఫోల్డ్, అంటే ముక్కలు పడేసినట్టు, అయిపోయింది. న్యూజెర్సీలో ఉన్న మా చిన్న బావమరిది ఇప్పటికీ నవ్వుతున్నాడు. రిటైరయ్యాను కాబట్టి బడ్జెట్ 25 వేలు, అంతకు మించితే ఇంట్లో లెక్క చెప్పాలి. ర్యామ్ వెయ్యాలా? రెండు మానిటర్లా, ఒకటే పెద్దదా? కరెంటు పోతే ఎలా? మెడ నొప్పి కూడా ఉంది, కుర్చీ సంగతి కూడా చెప్పండి.

సీతమ్మధార స్క్రూడ్రైవర్
17 ఏళ్ళ నుంచి సిస్టమ్స్ కడుతున్నాను. సూటిగా చెప్తున్నా, ఆ డబ్బా తీసి పారేయండి. ఐ7, 32 జీబీ, 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు. లేదంటారా, ఉన్నదానికే మూడు మానిటర్లు తగిలించేయండి, నాలుగో తరం ఐ5 మూడింటిని లాగుతుంది. నేను ఒకాయనకి అలాగే పెట్టాను, ఇప్పటికీ ఫోన్ చేసి థాంక్స్ చెప్తాడు.

గోపాలపట్నం గోపి
అంకుల్, రూటర్ ఏ గదిలో ఉంది? సిస్టమ్‌కి వైఫైనా, కేబులా? ముందు అది చెప్పండి.

లాసన్స్ బే లక్ష్మి
ఏ సరుకు కొన్నా సరే, మీ ఇల్లు సముద్రానికి ఎంత దూరమో చూసుకోండి. మాది బీచ్ నుంచి రెండు వీధులు. నాలుగేళ్ళలో రెండు బోర్డులు పోయాయి. కేబినెట్ స్క్రూలు చేత్తో పట్టుకుంటే పొడి రాలింది, మానిటర్ వెనక కేబుల్ పిన్నులు పచ్చబడిపోయాయి. రెండోసారి బాగుచేసిన కుర్రాడు ర్యామ్ పీకి, స్కూల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాడు, అంతే, ఆన్ అయ్యింది. 600 తీసుకున్నాడు. ఇప్పుడు నేనే రుద్దుకుంటున్నాను.

సీతమ్మధార స్క్రూడ్రైవర్
మేడమ్, ర్యామ్ పిన్నులకి బంగారు పూత ఉంటుంది. బంగారం తుప్పు పడుతుందా? మీ కుర్రాడు మీకు టోపీ పెట్టాడు.

లాసన్స్ బే లక్ష్మి
నా టోపీ నా ఇష్టం. సిస్టమ్ ఆన్ అయ్యిందా లేదా?

అక్కయ్యపాలెం ఆల్ ఇన్
ఇద్దరూ సగం సగమే చెప్పారు. బంగారం తుప్పు పట్టదు, నిజమే. కానీ ఆ పూత మనిషి వెంట్రుక కన్నా చాలా పల్చన. దాని కింద నికెల్, ఆ కింద రాగి. పూతలో కంటికి కనపడని బొక్కలుంటాయి, ఉప్పు తేమ వాటిలోంచి దిగి రాగిని తింటుంది. ఆ పచ్చదనం అదే. రబ్బరుతో రుద్దితే పైనున్న మురికి పోతుంది కాబట్టి ఆన్ అవుతుంది, కానీ రుద్దిన ప్రతిసారీ పూత కూడా కొంచెం పోతుంది. ఆరు నెలలకోసారి రుద్దారంటే మీరే బోర్డు ఆయుష్షు తీస్తున్నట్టు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది, దూది తీసుకుని మెల్లగా తుడవండి, ఆరనిచ్చి పెట్టండి.

వన్‌టౌన్ వీరబాబు
ఉప్పు ఉప్పు అంటారేటి గురూ, మా వైపు వచ్చి చూడండి. నల్ల దుమ్ము. పొద్దున్న తుడిచిన టేబుల్ మీద సాయంత్రం వేలితో పేరు రాసుకోవచ్చు. ప్రాసెసర్ మీద ఫ్యాన్ విప్పితే లోపల కాటుక డబ్బీ. ఎంవీపీ, లాసన్స్ బే వాళ్ళకి ఒక్క సముద్రమే కష్టం.

లాసన్స్ బే లక్ష్మి
మీకు దుమ్ము ఉందని మాకు తుప్పు లేకుండా పోతుందా? ఇదేమైనా పోటీయా?

వన్‌టౌన్ వీరబాబు
పోటీ కాదమ్మా. దుమ్ముకి రబ్బరు పనిచెయ్యదు, బ్లోయరు కావాలి అంటున్నాను. అది కూడా ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని ఊదాలి. పట్టుకోకుండా ఊదితే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. మా అబ్బాయి చేసిన ఘనకార్యం అది.

మధురవాడ రాత్రి డ్యూటీ
తేమకి నా చిట్కా: రోజుకి రెండు గంటలైనా సిస్టమ్ ఆన్‌లో ఉంచడం. వెచ్చగా ఉంటే తడి చేరదు. శనివారం మాత్రమే తెరిచేవాళ్ళకే ఎక్కువ పోతాయి. ఇంకోటి, ప్లాస్టిక్ కవరు కప్పి దాచుకునే అలవాటు మానెయ్యండి. తడి లోపలే ఉండిపోతుంది. మా అత్తగారు మానిటర్‌కి లేసు గుడ్డ కూడా కుట్టారు, ఆవిడకి మాత్రం ఏమీ చెప్పలేకపోతున్నాను.

పెందుర్తి పండు
కాక గారూ, స్క్రూడ్రైవర్ గారి మాట విని మూడు మానిటర్లు కొనకండి. నాలుగో తరం ఐ5 మూడు తెరలకి సరిపోతుంది కానీ మీ హెచ్81 బోర్డు రెండిటికే. నేను ఇదే బోర్డు మీద మూడోది పెట్టి రెండు రోజులు కేబుల్స్ మార్చి మార్చి చూశాను, తర్వాత ఇంటెల్ వాళ్ళ పేజీలో చదివి నవ్వుకున్నాను. మూడు కావాలంటే చిన్న గ్రాఫిక్స్ కార్డు వెయ్యాల్సిందే.

సీతమ్మధార స్క్రూడ్రైవర్
నేను ప్రాసెసర్ గురించి చెప్పాను. బోర్డు గురించి చెప్పలేదు.

పెందుర్తి పండు
ప్రాసెసర్‌కి మానిటర్ ఎక్కడ తగిలిస్తారు సార్?

న్యాయం నారాయణ
ఇంత మంది పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు, ఒక్కరూ అసలు విషయం ఎత్తలేదు. మన రాష్ట్రంలో డబ్బు పెట్టి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ ఆడటం 2020 సెప్టెంబరు నుంచే నిషేధం. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని అందుకే సవరించారు. 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం తెచ్చింది, డబ్బు ఆటలు దేశమంతా బంద్. ఇలాంటి చర్చ ఇక్కడ పెట్టడమే తప్పు.

అక్కయ్యపాలెం ఆల్ ఇన్
నారాయణ గారూ, కాక గారు మొదటి పోస్టులోనే ఉత్తుత్తి చిప్స్ అన్నారు. పోస్టు చదివి మాట్లాడండి. పైగా 1968లోనే సుప్రీంకోర్టు, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే, రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అంది.

న్యాయం నారాయణ
రమ్మీ అంది. పోకర్ అనలేదు. మూడు ముక్కలాట అలాంటిది కాదని అదే తీర్పులో ఉంది. సగం తీర్పు చదివి వాదించే మీలాంటివాళ్ళ వల్లే కొంపలు మునిగేది. ఇప్పుడొచ్చిన కేంద్ర చట్టంలో నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడాయే లేదు, డబ్బు పెడితే అంతే. నడిపేవాళ్ళకి మూడేళ్ళ జైలు, కోటి రూపాయల జరిమానా దాకా ఉంది.

అక్కయ్యపాలెం ఆల్ ఇన్
డబ్బు పెడితే అని మీరే అంటున్నారు! ఆయన పెట్టట్లేదు! ఏం మనుషులండీ మీరు.

పేరు వద్దులెండి
నేను మామూలుగా చదివి వెళ్ళిపోతాను, ఇవాళ రాయాలనిపించింది. 2019లో నేను కూడా ఉత్తుత్తి చిప్స్‌తోనే మొదలుపెట్టాను. మూడు నెలల్లో అసలు డబ్బుకి మారాను. అప్పుడు నేను చేసిన మొదటి పని ఏంటో తెలుసా, రెండో మానిటర్ కొనడం. నాలుగు టేబుళ్ళు ఎనిమిదయ్యాయి. లక్షా ఎనభై వేలు పోయాయి, ఇంట్లో ఇప్పటికీ ల్యాప్‌టాప్ రిపేరుకి, బైక్‌కి అని చెప్పిన లెక్కే నడుస్తోంది. కాక గారిని ఏమీ అనట్లేదు. మీరు బావమరుదులతో ఆడుకోండి. ఆ పక్కన సాధన కోసం అంటున్న మూడు టేబుళ్ళే నాకు కొంచెం అనుమానం.

లాసన్స్ బే లక్ష్మి
బాబూ, ఇంట్లో చెప్పెయ్యి. ఒకసారి గొడవ అవుతుంది, తర్వాత నిద్ర పడుతుంది.

నిర్వాహకుడు
డబ్బు ఆటల సైట్ల పేర్లు, లింకులు ఎవరు పెట్టినా తీసేస్తాను, ఇప్పటికే రెండు తీశాను. చట్టం గొడవ ఇక్కడితో ఆపండి. కంప్యూటర్ గురించి మాట్లాడండి.

ఎన్ఏడీ నానాజీ
కంప్యూటర్ అంటే గుర్తొచ్చింది, కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ అక్కర్లేదు. డబ్బు దండగ.

మధురవాడ రాత్రి డ్యూటీ
ఎవరు చెప్పారు? నాది ఇన్వర్టర్ మీదే ఉండేది, కరెంటు పోయిన ప్రతిసారీ సిస్టమ్ రీస్టార్ట్. ఒకసారి ఆఫీసు కాల్ మధ్యలో మేనేజర్ ముందే పోయింది.

ఎన్ఏడీ నానాజీ
ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంటుంది నాయనా, యూపీఎస్ మోడ్ అని. అది నొక్కారా? మామూలు మోడ్‌లో మారడానికి టైమ్ ఎక్కువ పడుతుంది, ఫ్యాన్లకీ లైట్లకీ తెలీదు, కంప్యూటర్ ఆగిపోతుంది. స్విచ్ మారిస్తే రెప్పపాటు కూడా పట్టదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు, నా ఇన్వర్టర్ మీద వీధంతా ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు.

వన్‌టౌన్ వీరబాబు
హుద్‌హుద్ మాట ఎత్తొద్దు గురూ. మా మేడ మీద ట్యాంకు పక్కవాళ్ళ మేడ మీద దొరికింది. ఇప్పటికీ వాళ్ళదే అంటారు.

మధురవాడ రాత్రి డ్యూటీ
ఆ స్విచ్ ఇప్పుడే చూశాను. ఆరేళ్ళ నుంచి తప్పు మోడ్‌లో ఉంది. నానాజీ గారూ, దండం.

పెందుర్తి పండు
కాక గారి లెక్క నేను వేస్తాను, ఎవరూ వెయ్యట్లేదు కాబట్టి. గ్రాఫిక్స్ కార్డు పైసా పెట్టకండి, పేకముక్కలు గీయడానికి దానితో పనేంటి. మీ బోర్డుకి డీడీఆర్3 ర్యామ్ కావాలి, రెండే స్లాట్లు, 8 జీబీవి రెండు వేస్తే అదే గరిష్ఠం. డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు పాతవి వాడినవి దొరుకుతాయి, నేను ఒక్కోటి 900కి తెచ్చాను, అక్కడే పెట్టించి ఆన్ చేయించి చూసుకున్నాను. కొత్త రకం ర్యామ్‌ల ధర ఇప్పుడు మండిపోతోంది, మీ పాతది మీకు కలిసొచ్చింది. తర్వాత హార్డ్ డిస్క్ తీసి సాటా ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్. అన్నిటికన్నా తేడా తెలిసేది దానితోనే. మానిటర్, మీ ఇప్పటిది 1366 గుణించు 768 చుక్కలు (పిక్సెల్స్), దాన్ని నాలుగు ముక్కలు చేస్తే చీమలే కనపడతాయి. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెస్తే నాలుగు టేబుళ్ళూ ఒకదానిమీద ఒకటి పడకుండా, ఒక్కోటి 960 గుణించు 540లో కూర్చుంటాయి. 27 అంగుళాల 1440, అంటే ఇంకా ఎక్కువ చుక్కలున్నది, ఇంకా బాగుంటుంది కానీ మీ బడ్జెట్ దానికే సగం పైన పోతుంది.

సీతమ్మధార స్క్రూడ్రైవర్
విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14న అయిపోయింది. నాలుగో తరానికి విండోస్ 11 అధికారికంగా రాదు. అందుకే డబ్బా మార్చమన్నాను. అప్పుడు అందరూ నామీద పడ్డారు.

పెందుర్తి పండు
ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఆ సిస్టమ్‌లో బ్యాంకు పనులు పెట్టుకోకండి కాక గారూ.

సీతమ్మధార స్క్రూడ్రైవర్
ఈ మాట ప్రింట్ తీసి షాపులో అతికించుకుంటాను.

కూర్మన్నపాలెం కాక
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పండు గారి లెక్క ప్రకారం ర్యామ్, ఎస్ఎస్‌డీ, 24 అంగుళాల మానిటర్ తెచ్చాను, పదమూడు వేల లోపే అయ్యింది. ఇస్పేటు ఇస్పేటులా కనపడుతోంది. విండోస్ నిమిషం లోపే తెరుచుకుంటోంది, మా ఆవిడ కూడా మెచ్చుకుంది. కానీ నిన్న శనివారం మళ్ళీ బిగుసుకుపోయింది. ఈసారి చేతిలో రెండు ఆసులు. బావమరిది స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టాడు. ఇంకేం మార్చాలి?

సీతమ్మధార స్క్రూడ్రైవర్
గ్రాఫిక్స్ కార్డు.

గోపాలపట్నం గోపి
అంకుల్!! మూడో పోస్టు చూడండి. రూటర్ ఏ గదిలో ఉంది?

కూర్మన్నపాలెం కాక
హాల్లో, టీవీ వెనక. సిస్టమ్ వెనక గదిలో. మధ్యలో రెండు గోడలు, ఒక బీరువా. సిస్టమ్‌కి వెనకాల చిన్న వైఫై ముక్క గుచ్చి ఉంటుంది, అది మా అబ్బాయి కాలేజీ రోజుల్లో కొన్నది.

గోపాలపట్నం గోపి
అదీ సంగతి. క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ 20 మీటర్లు తెచ్చి గోడ వారగా లాగండి, ఆ ముక్క పీకెయ్యండి. బీరువా అంటే ఇనప గోడ, సిగ్నల్ అక్కడే చచ్చిపోతుంది. ఇంకా రూటర్‌కి విడిగా చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెట్టండి. మీ సిస్టమ్ ఇన్వర్టర్ మీద నిలబడినా రూటర్ ఆరిపోయిందంటే మీ వంతు ఫోల్డే. ఇదంతా కలిపి మీ మానిటర్ ధరలో మూడో వంతు కాదు.

లాసన్స్ బే లక్ష్మి
కేబుల్ చివర్లు కూడా పచ్చబడతాయి, చూసుకోండి.

అక్కయ్యపాలెం ఆల్ ఇన్
రబ్బరుతో మాత్రం రుద్దకండి.

కూర్మన్నపాలెం కాక
కేబుల్ లాగాను. మా ఆవిడ గుమ్మం దగ్గర తట్టుకుంది, అది వేరే కథ. నిన్న మూడు గంటలు ఆడాను, ఒక్కసారి కూడా ఆగలేదు. పక్క టేబుళ్ళు మూడూ తీసేశాను, మావాళ్ళది ఒక్కటే ఆడుతున్నాను. ఎందుకో అడగకండి. బావమరిది చిప్స్ మొత్తం ఊడ్చేశాను. ఇప్పుడు వాడు వాడి సిస్టమ్ స్లో అంటున్నాడు. కుర్చీ గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

వన్‌టౌన్ వీరబాబు
కాకా, ఆ పాత పద్దెనిమిదిన్నర మానిటర్ ఉందా, అమ్మేశారా? మా అబ్బాయికి కావాలి. ఐదొందలు ఇస్తాను.

లాసన్స్ బే లక్ష్మి
వెనక పిన్నులు చూసి తీసుకోండి.