విండ్‌స్క్రీన్ ఊడింది: తప్పు మేనేజర్‌దా, పద్ధతిదా?

హ్యాంగర్‌హరి: 1990 జూన్ 10. బర్మింగ్‌హామ్ నుంచి మలగా వెళ్తున్న బ్రిటిష్ ఎయిర్‌వేస్ బీఏసీ 1-11కి 17,300 అడుగుల దగ్గర ఎడమ విండ్‌స్క్రీన్ ఎగిరిపోయింది. కెప్టెన్ సగం బయటికి లాక్కుపోబడ్డాడు. కో-పైలట్ సౌతాంప్టన్‌లో దించాడు, అందరూ బతికారు. 27 గంటల ముందు ఆ అద్దం మార్చింది షిఫ్ట్ మేనేజరే. విడిభాగాల కేటలాగ్ తెరవకుండా, పాత బోల్టు పక్కన పెట్టి చూసి కొత్తవి తెచ్చుకున్నాడు. ఇది నిర్లక్ష్యం కాక మరేంటి?

రెంచిరమణ: ఆ పాత బోల్టులే తప్పువి కదా హరిగారూ. ఉండాల్సింది ఏ211-8డీ రకం, ఉన్నవి 7డీ రకం. అయినా అన్నాళ్లూ అద్దాన్ని పట్టుకునే ఉన్నాయి.

హ్యాంగర్‌హరి: 7డీ 0.1 అంగుళం పొట్టి, మర మాత్రం సరిగ్గా పట్టింది. ఈయన బిగించిన 90లో 84 బోల్టులు 8సీ. పొడవు సరే, వ్యాసం 0.026 అంగుళం తక్కువ! స్టోర్ మనిషి 8డీ వాడతారని చెప్పినా వినలేదు. టార్క్ (బిగించే బలం) కూడా మాన్యువల్‌లో 15 పౌండ్-అంగుళాలైతే 20 పెట్టాడు.

సైడ్‌ప్యానెల్: 7డీ, 8డీల దగ్గరే ఈ పేజీ అయిపోయేలా ఉంది.

రెంచిరమణ: టార్క్ సంగతి వదలండి, చేతికి ఏం తెలిసిందో చూడండి. స్టోర్‌లో సరిపడా లేక, మనిషి లేని ర్యాక్ దగ్గరికెళ్లాడు, అక్కడ వెలుతురు చాలదు. అద్దం దగ్గర చేయి చాచి పని. సన్న బోల్టు పెద్ద నట్టులో జారినప్పటి కుదుపునే సరిపడా బిగిసిందని చెప్పే స్క్రూడ్రైవర్ క్లచ్ కుదుపు అనుకున్నాడు. బోల్టు తల గుంతలో మరీ లోపలికి దిగినా చేయి అడ్డమొచ్చి కనబడలేదు.

హ్యాంగర్‌హరి: కళ్లజోడూ పెట్టుకోలేదు. అదీ పద్ధతి తప్పేనా?

కొత్తరివెట్: మరో ఇంజినీర్ చూడాలి కదండీ?

రెంచిరమణ: అక్కర్లేదు! 'వైటల్ పాయింట్' జాబితాలో, అంటే తప్పు జరిగితే ప్రమాదమని రెండోసారి చూడాల్సిన భాగాల్లో, విండ్‌స్క్రీన్ లేదు, కాబట్టి రెండో తనిఖీ లేదు, ప్రెషర్ టెస్టూ లేదు. పైగా అది బయటి నుంచి బిగించే అద్దం. లోపలి గాలి బయటికే తోస్తుంది, ఆ తోపుడంతా బోల్టుల మీదే. ఈ తప్పును పట్టే మెట్టే లేనప్పుడు ఒక్కడిని తిట్టి ఏం లాభం?

హ్యాంగర్‌హరి: రాత్రి షిఫ్టులో ఆ రెండో తనిఖీ సంతకం చూడకుండానే ఎలా పడుతుందో నాకు చెప్పకండి. ఎవరినీ ఏమీ అనకూడదన్నదే మీ వాదన, అంతేనా?

రెంచిరమణ: అనండి. కానీ ఉద్యోగం పోతుందనే భయముంటే, రేపు బోల్టు మీద అనుమానమొచ్చినవాడు విమానాన్ని ఆపడు, నోరు మూసుకుని ఇంటికెళ్తాడు.

హ్యాంగర్‌హరి: భయమే లేకపోతే కేటలాగ్ ఎవడు తెరుస్తాడు?