పెరట్లో 12 అడుగుల పూల్ పెట్టాం, నీళ్ళు జిల్లుమంటున్నాయి. పండగలోపు వెచ్చబడే దారి చెప్పండి

కొబ్బరితోట_తాతయ్య:
నమస్కారమండి. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. సంక్రాంతి పండక్కి మనవలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. కాలవలో దింపాలంటే మా కోడలికి భయం, అందుకని ఆన్‌లైన్‌లో గుండ్రటి ఫ్రేమ్ పూల్ తెప్పించి పెరట్లో కొబ్బరిచెట్ల నీడన బిగించాం. వెడల్పు 12 అడుగులు, ఎత్తు 30 అంగుళాలు. నిన్న బోరు మోటారు వేసి నింపాం. ఇవాళ పొద్దున్నే థర్మామీటర్ పెడితే 22 డిగ్రీలు, పిల్లలు కాదుగదా నేనే చెయ్యి పెట్టలేకపోయాను. మా బావమరిదేమో రెండు హీటర్ రాడ్లు వేసి వదిలేస్తే తెల్లారేసరికి కాగిపోతాయంటున్నాడు. ఇంకో సంగతి, ఒక పక్క నీళ్ళు రెండంగుళాలు ఎక్కువ కనిపిస్తున్నాయి. పర్లేదా? మళ్ళీ ఖాళీ చెయ్యాలంటే ప్రాణం ఉసూరుమంటోంది.

కాలవగట్టు:
తాతయ్యగారూ, ముందు ఆ రాడ్లు తీసి అటక మీద పడెయ్యండి. బకెట్లో వేసుకునే రాడ్డు పూల్లో వెయ్యడమంటే ప్రాణంతో చెలగాటం. స్విచ్ కట్టేశాక దిగుతాం కదా అంటారు, ఆ కట్టేసే మాట ఎవరో ఒకరు మర్చిపోయే రోజు వస్తుంది. పూల్‌తో వచ్చిన ఫిల్టర్ మోటారు ప్లగ్గుకి కూడా 30 మిల్లీ ఆంప్స్‌కి ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్టేసే స్విచ్) పెట్టించండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు గడ్డిలో పడెయ్యకండి.

పోనీ రాడ్లతో అయ్యే పనేనా అంటే అదీ కాదు. మీ పూల్లో పట్టేది సుమారు 6,500 లీటర్లు. అన్ని నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే ఏడున్నర యూనిట్ల కరెంటు కావాలి. 22 నుంచి 28కి తేవాలంటే 45 యూనిట్లు, అంటే 3 కిలోవాట్ల గీజరు ఆపకుండా 15 గంటలు తిరగాలి. ఈలోపు పైనుంచి పోయే వేడి మళ్ళీ వేరే.

మేస్త్రి_గారబ్బాయి:
రెండంగుళాలు తేడా అంటే పర్లేదు అనుకోకండి. అంగుళం లోపైతే చూసీచూడనట్టు వదిలెయ్యొచ్చు. లోపల ఆరున్నర టన్నుల బరువుంది, అది పల్లం వైపు కాళ్ళ మీదే పడుతుంది. పైగా మనది బంకమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది, ఇవాళ రెండంగుళాలున్నది నాలుగు రోజుల్లో మూడవుతుంది. ఖాళీ చెయ్యండి, తప్పదు.

మళ్ళీ పెట్టేటప్పుడు పల్లంలో మట్టి పోసి ఎత్తు చెయ్యొద్దు, మిట్ట వైపే చెక్కండి. పోసిన మట్టి బరువుకి దిగిపోతుంది. తాపీ పనివాళ్ళు వాడే నీళ్ళ ట్యూబుతో చుట్టూ లెవెల్ చూసుకుని, ఒక్కో కాలు కింద పలక రాయి వేసి, మధ్యలో జల్లించిన ఇసుక రెండంగుళాలు పరిచి గట్టిగా దిమ్మిస కొట్టండి. తుంగ ఉంటే మాత్రం గడ్డలతో సహా తవ్వి తియ్యాలి. పైన కోసేసి షీటు వేస్తే సరిపోదు, దాని మొలక సూదిలా ప్లాస్టిక్‌ని పొడుచుకుని వస్తుంది. మా ఇంట్లో వారం రోజుల పాటు నీళ్ళు తగ్గుతుంటే ఎండకి ఆరుతున్నాయనుకున్నాం, ఎత్తి చూస్తే కింద మూడు మొలకలు.

అయినా కొబ్బరిచెట్ల కింద పెట్టడమేంటండీ! కాయ సంగతి దేవుడెరుగు, మట్ట పడినా చిరుగుతుంది.

పాలకొల్లు_పిల్ల:
మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మాకు పెరడు లేదు, డాబా మీద ఇదే సైజు పెట్టుకోవచ్చా?

మేస్త్రి_గారబ్బాయి:
వద్దమ్మా. డాబా శ్లాబుని మామూలుగా చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కన డిజైన్ చేస్తారు. రెండడుగుల లోతు నీళ్ళంటే 600 కిలోలు. మోకాలి లోతు కూడా రాని పసిపిల్లల గాలి టబ్బు కొనుక్కోండి.

రొయ్యల_చెరువు:
భీమవరం నుంచి. నీళ్ళతోనే బతుకుతున్నాం కాబట్టి రెండు ముక్కలు. మీ పూల్ ఎందుకు చల్లగా ఉందంటే చెట్ల నీడలో ఉంది, పైన మూత లేదు. అంతే. చలికాలంలో కూడా మన దగ్గర చదరపు మీటరు మీద రోజుకి నాలుగైదు యూనిట్ల ఎండ పడుతుంది. మీ పూల్ పైభాగం పదిన్నర చదరపు మీటర్లు, అంటే ఆరుబయట పెడితే రోజుకి 40 యూనిట్ల పైచిలుకు వేడి ఊరికే వచ్చి పడుతోంది. సగం పట్టుకున్నా చాలదూ? రాత్రి అది ఆవిరై పోతోంది. ఒక్క మిల్లీమీటరు నీళ్ళు ఆవిరైతే, అంటే పది లీటర్లు, పూల్ మొత్తం దాదాపు ఒక డిగ్రీ చల్లబడుతుంది. కంటికి కనిపించదు కూడా.

అందుకని గీజరు డబ్బులు మూతకి పెట్టండి. నల్ల బరకం కప్పితే రాత్రి వేడి నిలబడుతుంది గానీ పగలు ఎండ లోపలికి దిగదు. కడియం వైపు నర్సరీలవాళ్ళు పాలీహౌస్‌లకి వాడే 200 మైక్రాన్ల, వెలుతురు దిగే తెల్ల షీటు ముక్క తెచ్చి, నీళ్ళకి ఆనేలా పరవండి, గాలికి లేవకుండా అంచులు కట్టండి. పిల్లలు దిగేటప్పుడు మాత్రం మొత్తం తీసి పక్కన పెట్టాలి. సగం తీసి సగం ఉంచితే ఆ కిందకి వెళ్ళిన పిల్లాడు పైకి రాలేడు. నిచ్చెన కూడా వాడనప్పుడు తీసెయ్యండి.

బోరు నీళ్ళు అన్నారు కదా, బ్లీచింగ్ వెయ్యగానే టీ రంగు తిరిగితే కంగారు పడకండి, ఇనుము ఉందన్నమాట. ఫిల్టర్ ఆపకుండా తిప్పుతూ, లోపలి కాట్రిడ్జ్‌ని గంటకోసారి కడుగుతూ ఉంటే ఒకట్రెండు రోజుల్లో తేటపడతాయి.

కొబ్బరితోట_తాతయ్య:
టీ కాదండీ, డికాక్షనే! పొద్దున్న ఒక గుప్పెడు వేశాను. మా ఆవిడ చూసి కాఫీ పెట్టే పని తప్పింది అంది. అసలు ఎంత వెయ్యాలి?

రొయ్యల_చెరువు:
గుప్పెళ్ళ లెక్క వద్దండి. తాజా పొడి అయితే 40 గ్రాములకి మీ పూల్లో 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. 1 నుంచి 3 మధ్య ఉంటే చాలు. బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రం పొయ్యండి, అదీ సాయంత్రం పూట. పగలు పోస్తే రెండు మూడు గంటల్లో ఎండే తినేస్తుంది. పంచాయతీలో ట్యాంకు నీళ్ళు చూసేవాళ్ళ దగ్గర క్లోరిన్ ఎంతుందో రంగుతో చూపించే క్లోరోస్కోప్ ఉంటుంది, అడిగితే చూపిస్తారు. పీహెచ్ కిట్టు ఆక్వా షాపులో దొరుకుతుంది, 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. పీహెచ్ తగ్గించాలని బాత్రూము యాసిడ్ తెచ్చి బ్లీచింగ్ బకెట్లో మాత్రం పొయ్యకండి, విషవాయువు వస్తుంది.

గోదారి_గాలి:
డ్రిప్పు పైపు చుట్ట డాబా మీద పెట్టి మోటారుతో నీళ్ళు తిప్పితే ఉచితంగా వేడి అని వీడియోల్లో చూపిస్తున్నారు కదా, ఎవరూ అనలేదేం?

కాలవగట్టు:
నేను చేశాను బ్రదర్. 16 మిల్లీమీటర్ల నల్ల పైపు 100 మీటర్లు. పైపు నుంచి వచ్చే నీళ్ళు ముట్టుకుంటే చురుక్కుమంటాయి, ఆహా అనుకుంటాం. కానీ సన్నటి ధారే కదా, సాయంత్రానికి పూల్ అర డిగ్రీ కూడా పెరగలేదు. ఆ చుట్టకి ఎండ తగిలే జాగా ఎంతని చూస్తే ఒకటిన్నర చదరపు మీటర్లు. పూల్ తనే పదిన్నర మీటర్లు పరుచుకుని కూర్చుంది.

గోదారి_గాలి:
అయితే ఇంకో నాలుగు చుట్టలు కొనాలంటారు 😀

కాలవగట్టు:
కొనండి, పండగయ్యాక తోటకి పనికొస్తాయి. డబ్బున్నవాళ్ళైతే హీట్ పంపు ఉంది. ఒక యూనిట్ కరెంటు తీసుకుని గాలిలోంచి లాగి నాలుగైదు యూనిట్ల వేడి ఇస్తుంది, మన గాలి చలికాలంలో కూడా మరీ చల్లగా ఉండదు కాబట్టి బాగానే పనిచేస్తుంది. కానీ నాలుగు రోజుల పండక్కి అంత ఖర్చు నాకైతే ఎక్కదు.

లంక_కోడలు:
అన్నయ్యగారూ, పోయినేడు మేం చేసింది చెప్తాను. వంటవాళ్ళ దగ్గర వంద లీటర్ల గుండిగలు అద్దెకి తెచ్చి, దొడ్లో కొబ్బరి డొక్కలతో పొయ్యి వేసి నీళ్ళు మరగబెట్టాం. మా మరిది లెక్క కట్టాడు, ఇదే సైజు పూల్‌కి ఐదు గుండిగల మరిగిన నీళ్ళు పోస్తే ఐదు డిగ్రీలు పెరుగుతుంది. నిజంగానే 23 నుంచి 27 దాటింది. ముందే నీళ్ళు రెండంగుళాలు వెలితిగా ఉంచుకోవాలి, లేకపోతే పైనుంచి పొర్లిపోతాయి. సలసలా మరిగేవి అంచున పోస్తే షీటు మెత్తబడుతుంది, అందుకని ఒకళ్ళు గెడతో కలుపుతుంటే మధ్యలో కొంచెం కొంచెంగా పోశాం. ఆ రెండు గంటలూ పిల్లల్ని ఇంట్లో పెట్టి తలుపేశాం, వాళ్ళ ఏడుపు వీధి చివరికి వినపడింది. డొక్కలు మాత్రం బండెడు కాలాయండీ, పొగకి మా అత్తగారు రెండు రోజులు దగ్గుతూనే ఉన్నారు.

కొబ్బరితోట_తాతయ్య:
అందరికీ దణ్ణాలండి. జరిగింది చెప్తాను. పూల్ ఖాళీ చేసి ధాన్యం ఆరబోసే కళ్ళం పక్కకి మార్చాం, అక్కడ రోజంతా ఎండే. తవ్వితే తుంగ గడ్డలు తట్టెడు వచ్చాయి. లెవెల్ చూడ్డానికి మేస్త్రీనే పిలిచాను, అర అంగుళం తేడా లోపు తెచ్చాడు. నింపిన మర్నాడు పొద్దున 22, తెల్ల షీటు కప్పాక మూడోరోజు సాయంత్రానికి 26. భోగి రోజు ఎలాగూ మంట వేస్తాం కాబట్టి పక్కనే పొయ్యి పెట్టి మూడు గుండిగలు కాచి పోశాం, 28 దాటింది. పదింటికి దిగిన పిల్లలు అరిసెలు కూడా అందులోనే నించుని తిన్నారు. ఇనుము రంగు పూర్తిగా పోలేదు, మా చిన్న మనవడి తెల్ల బనీను ఇప్పుడు గంధం రంగులో ఉంది.

వాళ్ళు వెళ్ళిపోయాక ఈ నీళ్ళు కొబ్బరిచెట్లకి పెట్టొచ్చా?

రొయ్యల_చెరువు:
బ్లీచింగ్ వెయ్యడం ఆపి, మూత తీసి రెండు మూడు రోజులు ఎండలో వదిలెయ్యండి. క్లోరోస్కోప్‌లో రంగు రాకపోతే నిక్షేపంగా పెట్టుకోండి. చేపల గుంటలోకి మాత్రం తిప్పకండి. మే నెలలో మళ్ళీ నింపుతారుగా, అప్పుడు చల్లబరచడం ఎలాగో అడుగుదురుగాని. ఆ తెల్ల షీటు అప్పుడు కప్పితే మనవలకి ఉడుకు నీళ్ళే!