అప్‌డేట్: ఫలితాల సైటుకు లోడ్ బ్యాలెన్సర్ పెట్టిన తరువాత

ఫలితాల రోజున మా విజయనగరం కళాశాల సైటు తెరుచుకోవడం లేదనీ, రెండు సర్వర్లకూ డీఎన్ఎస్ (సైటు పేరును సర్వర్ చిరునామాగా మార్చే వ్యవస్థ) ద్వారానే ట్రాఫిక్ పంచుతున్నందువల్ల ఒకటి ఆగిపోతే చాలామంది విద్యార్థులకు ఎర్రర్ పేజీయే కనిపిస్తోందనీ ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లే రెండింటి ముందూ హెచ్ఏప్రాక్సీ అనే లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే ట్రాఫిక్‌ను సర్వర్ల మధ్య పంచే సాఫ్ట్‌వేర్) పెట్టాము. ఇదే పని చేసే ఖరీదైన ఏడీసీ (అప్లికేషన్ డెలివరీ కంట్రోలర్) పరికరం కొనవలసిన అవసరం రాలేదు.

అసలు తేడా హెల్త్ చెక్ దగ్గర, అంటే సర్వర్ పనిచేస్తోందా అని బ్యాలెన్సర్ చూసే పరీక్ష దగ్గర వచ్చింది. ప్రత్యేకంగా చెప్పకపోతే హెచ్ఏప్రాక్సీ, సర్వర్ పోర్టుకు కనెక్షన్ కుదిరిందా లేదా అన్నదే చూస్తుంది కాబట్టి, డేటాబేస్ పడిపోయినా సర్వర్ బాగున్నట్లే లెక్క. అందుకని డేటాబేస్ నుంచి జవాబు వస్తేనే 200 కోడ్ (అంతా సరిగా ఉందన్న సంకేతం) ఇచ్చే చిన్న పేజీ ఒకటి రాయించి, చెక్‌ను దానికి తగిలించాము. 2 సెకన్లకొకసారి చూసి, వరుసగా 3 సార్లు విఫలమైతే సర్వర్‌ను పక్కన పెట్టే డిఫాల్ట్ విలువలనే ఉంచాము.

లాగిన్ మధ్యలో పోకుండా సోర్స్ ఐపీ పద్ధతి (ఒకే ఐపీ చిరునామా నుంచి వచ్చేవారిని ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపడం) వాడమని కొందరు అన్నారు గాని, మా ఊళ్లో అది పనికిరాదు. కోట దగ్గరి నెట్ సెంటర్‌లో కూర్చున్న వారందరూ ఒకే ఐపీతో వస్తారు, ఆ భారమంతా ఒకే సర్వర్ మీద పడుతుంది. అందుకని, ఎవరు ఏ సర్వర్‌కు వెళ్లాలో వారి బ్రౌజర్‌లో చిన్న గుర్తుగా ఉంచే కుకీ పద్ధతినే ఎంచుకున్నాము. కుకీ చొప్పించాలంటే ఎన్‌క్రిప్షన్‌ను బ్యాలెన్సర్ దగ్గరే విప్పాలి కనుక, దానికి కావలసిన సైటు సర్టిఫికెట్‌ను కూడా బ్యాలెన్సర్ మీదికి మార్చాము. చాలామంది ఒకే ఐపీతో వస్తారు కనుక, ఒక్కో ఐపీ నుంచి వచ్చే అభ్యర్థనల మీది పరిమితిని కూడా కాస్త వదులుగా ఉంచాము.

సర్వర్ లాగుల్లో (సందర్శనల నమోదుల్లో) అందరికీ బ్యాలెన్సర్ ఐపీయే కనిపించడం, అసలు ఐపీని సర్వర్‌కు తెలిపే ఫార్వర్డ్‌ఫర్ ఆప్షన్‌తో తీరింది. బ్యాలెన్సరే ఆగిపోతే ఎలా అన్న ప్రశ్నకు జవాబుగా, ఒక యంత్రం ఆగితే దాని పనిని మరొకటి అందుకునేలా చేసే కీప్‌అలైవ్‌డీ సాఫ్ట్‌వేర్‌తో రెండో యంత్రాన్ని సిద్ధం చేస్తున్నాము. సప్లిమెంటరీ ఫలితాల లోపు అది పూర్తి కావాలి.