మొదటి భాగం సగమే నచ్చితే మిగిలిన 13 చదవాలా?

అలిపిరి బాటసారి:
రాబర్ట్ జోర్డాన్ ‘ది ఐ ఆఫ్ ద వరల్డ్’ (1990) నిన్న రాత్రి ముగించాను. 14 సంపుటాల ఫాంటసీ నవలామాల ‘ద వీల్ ఆఫ్ టైమ్’లో ఇది మొదటిది, సుమారు 800 పేజీలు. మారుమూల పల్లె, దాని మీద పడే రాక్షసమూక, ఊరు విడిచి పారిపోయే కుర్రాళ్లు, దారి చూపే మంత్రశక్తి గల స్త్రీ. ‘లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ రాసిన టోల్కీన్‌ను చదివినవారికి ఇది నడిచిన దారే. కావాలనే అలా మొదలుపెట్టారట. కావాలని వండినా చప్పిడి కూర చప్పిడి కూరే కదా!

ఒకచోట మాత్రం పుస్తకం మూయలేకపోయాను. గాయపడిన తండ్రిని కథానాయకుడు రాండ్ దుప్పట్లు కట్టిన కర్రల మీద పడుకోబెట్టి చీకట్లో అడవి వెంట ఈడ్చుకుపోతాడు. తండ్రి జ్వరంలో పలవరిస్తాడు, కొండవాలులో మంచులో పసికందు దొరికిందని. ఆ బిడ్డ తానేనేమోనన్న ఊహను తరిమేసుకుంటూ రాండ్ అడుగులు వేస్తాడు. ఇలాంటివి ఇంకో పది ఉంటే ఈ ప్రశ్న అడిగేవాణ్ణి కాదు.

గాలిగోపురం:
తిరుపతివారై ఉండి మొదటి మెట్లకే వెనుదిరుగుతారా? కొండకు 3550 మెట్లు. గాలిగోపురం దాటాకే కాళ్లకు ఊపిరి. ఈ కథలో యుగాలు చక్రంలా తిరగడం మనకు కొత్త కాదు గానీ, మగవాళ్లు వాడే శక్తి కలుషితమై, దాన్ని తాకినవాడికి చివరికి మతి చలించడం కొత్త. కథానాయకుడి వరమే అతని శాపం. దాని బరువు తర్వాతి భాగాల్లో తెలుస్తుంది. జోర్డాన్ 2007లో పోయాక మరో రచయిత బ్రాండన్ సాండర్సన్ చివరి మూడు సంపుటాలూ పూర్తిచేశారు, 2013లో ముగిసింది. కథ మధ్యలో ఆగిపోతుందన్న భయం లేదు.

పాత చందమామ:
గాలిగోపురం గారూ, మెట్ల దారిలో అలసిపోతే కూర్చోవడానికి నీడైనా ఉంటుంది. 1954లో చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి ‘తోకచుక్క’ వచ్చింది. నెలకు నాలుగు పేజీలో అయిదు పేజీలో, అయినా వచ్చే నెల కోసం కాచుకుని కూర్చోబెట్టింది. 800 పేజీలు తీసుకున్నవారు ‘తర్వాత బాగుంటుంది’ అంటే ఎలా? పైగా ఆ ముగింపు! పేరులో ఉన్న ‘కన్ను’ ఆఖర్లో హడావిడిగా వస్తుంది. తాను ఏం చేశాడో రాండ్‌కూ తెలియదు, నాకూ తెలియలేదు.

పుత్తూరు పాఠకురాలు:
అందరూ రాండ్ గురించే. ఊరి వైద్యురాలు నైనీవ్ ఒంటరిగా జాడ పట్టుకుని వాళ్లను చేరుకోవడం ఎవరికీ కనబడలేదా? రాండ్, అతని స్నేహితుడు మాట్ సత్రం సత్రానికీ వెళ్లి వేణువు ఊది, బంతులు ఎగరేసి అన్నం సంపాదించుకునే భాగాన్ని సాగదీత అంటారు. ఆకలి, ఎదుటివాడు శత్రువేమోనన్న అనుమానం నాకు అక్కడే నిజంగా తగిలాయి. చివరి యుద్ధమే నాకు అక్కర్లేదు.

అలిపిరి బాటసారి:
రెండోది కొంటాను. ముందు ఆ చివరి అధ్యాయాలు మళ్లీ చదవాలి. రాండ్ ఉన్నట్టుండి ఆ యుద్ధరంగంలోకి ఎలా వెళ్లాడు, గాలిగోపురం గారూ?

గాలిగోపురం:
నాకూ రెండోసారి చదివాకే అర్థమైందండీ.